వేడి తగలని చేతులు

నా నోరు మంచిది కాదని మా వార్డులో అందరికీ తెలుసు. నర్సుగా ఇరవై రెండేళ్లు పనిచేశాను. అందులో పదకొండేళ్లు రాజమండ్రిలో క్యాన్సరు మందులు ఎక్కించే ఈ గదిలోనే గడిచాయి. ఇక్కడికి వచ్చేవాళ్లను తిట్టడానికి ఒక మనిషి ఉండాలి. డాక్టర్లు తిట్టరు, ఇంట్లోవాళ్లు తిట్టలేరు. అందుకని ఆ పని నా నెత్తిన వేసుకున్నాను. నా చేత అందరికంటే ఎక్కువ తిట్లు తిన్న మనిషి వీరవేణి. ఆవిడ గురించి రాద్దామని కూర్చున్నాను కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను, ఆ తిట్లలో సగం నేను తినాల్సినవి.

వీరవేణిది ఆత్రేయపురం పక్కన ఒక పల్లె. వయసు యాభై నాలుగు. పదమూడో ఏట నుంచి పూతరేకులు తీస్తోంది. రేకుల్లో నెయ్యి, పంచదార వేసి మడతపెట్టి డబ్బాల్లో సర్ది అమ్మేవాళ్లు వేరు, ఆ రేకు తీసేవాళ్లు వేరు. కొనుక్కునేవాళ్లకు మొదటివాళ్లే కనబడతారు. వీరవేణి రెండో రకం. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి నీళ్లు. గుడ్డముక్కను ఆ నీళ్లలో ముంచి కాలే కుండ మీద ఒక్కసారి లాగితే పొర కడుతుంది. ఆ పొర అంచును వేలి కొసలతో పట్టి లేపాలి. తొందరపడితే తడిగా చిరిగిపోతుంది, ఆలస్యమైతే మాడిపోతుంది. రోజుకు మూడు వందల పైచిలుకు రేకులు, నలభై ఒక్క ఏళ్లు. ఇదంతా నాకు తరువాత తెలిసిన సంగతి. ఆవిడ మా దగ్గరకు వచ్చిన రోజున ఫైల్లో "గృహిణి" అని నా చేత్తోనే రాశాను. ఆడమనిషి కనబడితే అడక్కుండా ఆ మాట రాసేయడం మాకు అలవాటు.

జబ్బు అండాశయంలో. రెండేళ్ల కిందట ఆపరేషను చేసి, ఆరుసార్లు మందు ఎక్కించారు. జుట్టంతా ఊడి మళ్లీ వచ్చింది. జుట్టు వెనకాలే జబ్బూ వచ్చింది. పాత మందుకు ఇక లొంగదని తేల్చి డాక్టర్ జానకిరామ్ గారు, రంగును బట్టి మేం ఎర్రమందు అనే మందు రాశారు. ఆవిడ భర్త బుజ్జిబాబు గారిని పక్కకు పిలిచి, "ఏడాదండి. బాగా పనిచేస్తే ఏడాదిన్నర" అన్నారు. మా వార్డులో పక్కకు పిలవడమంటే పరదా అవతలకు పిలవడమే. పరదా గుడ్డది, వీరవేణి చెవులు పాము చెవులు. బుజ్జిబాబు గారు మొహం తుడుచుకుని ఇవతలకు వచ్చేసరికి ఆవిడ ఆయనకు తన మంచినీళ్ల సీసా అందించింది. 

ఎర్రమందు గురించి చెప్పే బాధ్యత నాది. కంపెనీవాళ్లు ఇచ్చే కాగితం ఉంది గానీ అది చదివితే జబ్బు లేనివాడికి కూడా వస్తుంది. నేను నా పద్ధతిలో చెబుతాను. ఈ మందు ఉత్తినే ఎక్కిస్తే గుండెకు చేటు. అందుకని దాన్ని కొవ్వుపొరతో చేసిన బుడగల్లో పెడతారు. ఎంత చిన్నవంటే, తలవెంట్రుక మందంలో అలాంటివి వెయ్యి దాకా వరుసగా పడతాయి. బుడగ పైన సన్నటి పోగులు నూగులా ఉంటాయి. నెత్తురులో కాపలా తిరిగే కణాలు వాటిని చూసి పరాయి సరుకని పోల్చుకోలేవు. అలా రోజుల తరబడి ఒంట్లో తిరుగుతాయి. జబ్బుగడ్డ ఆత్రంగా పెంచుకున్న రక్తనాళాలకు గోడలు సరిగా ఉండవు, సందులుంటాయి. బుడగలు ఆ సందుల్లోంచి జారి గడ్డలో చేరతాయి. అక్కడి కణం బుడగను తిండి అనుకుని మింగుతుంది. లోపల పొర విడిపోయి మందు బయటపడుతుంది. మింగిన కణానికి ఇక నూకలు చెల్లినట్టే.

వీరవేణి శ్రద్ధగా విని, "అయితే రేకు చుట్టారన్నమాటండి" అంది.

"లోపల పంచదార కాదండి మరి" అన్నాను.

"ఏదైతేనేంటండి. రేకు నోట్లోకెళ్లాకే కరగాలి. చేతిలో కరిగిందంటే తీసినవాళ్ల తప్పు."

ఆత్రేయపురం వైపు మనిషి కదా, అలాగే అంటుందిలే అనుకుని నవ్వాను. ఆ నవ్వుతోనే అసలు సంగతి చెప్పాను. ఈ మందు కూడా ఒక్కోసారి చేతుల్లోనే కరుగుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం ఒత్తిడికి, రాపిడికి, వేడికి గురైన చోట సన్న నాళాలు తెరుచుకుంటాయి. బుడగలు అక్కడ దిగిపోతాయి. గడ్డను చంపాల్సిన మందు చర్మాన్ని తినేస్తుంది. చేతులు ఎర్రబడి, పొక్కి, పొరలుగా ఊడతాయి. అందుకని వంట చేయకూడదు, పొయ్యి దగ్గరకు పోకూడదు, వేడినీళ్లు ముట్టుకోకూడదు, ఎండలో తిరగకూడదు, చేతులకు వేడి తగలనీయకూడదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను.

"ఆయ్, అలాగేనండి" అంది.

ఆ మొదటిరోజు మందు మొదలైన ఐదు నిమిషాలకే మొహం కందిపోయి, ఊపిరి బిగిసి, నడుము పట్టేసింది. కాపలా కణాలకు ఒక్కోసారి నూగు వేషం తెలిసిపోతుంది. మందు ఆపి, సూదిమందు వేసి, అరగంట తరువాత చుక్కలు నెమ్మదిగా వదిలాను. తేరుకున్నాక రెండు చేతుల్లోనూ ఐసు ప్యాకులు పెట్టాను. చల్లదనానికి నాళాలు ముడుచుకుంటే బుడగలు చేతుల్లోకి తక్కువ దిగుతాయి. ఆవిడ వాటిని పట్టుకుని ఆశ్చర్యంగా చూసుకుంది.

"చల్లగా ఉన్నట్టు తెలుస్తుందండి. నా చేతులకి ఏదీ తెలీదనుకున్నాను" అంది. అప్పుడైనా ఎందుకలా అన్నారని అడిగానా, లేదు. పక్క మంచం వాళ్ల సెలైను అయిపోతోంది.

ఇరవై ఎనిమిది రోజుల తరువాత వచ్చినప్పుడు చేతులు చీర కొంగులో దాచుకుని కూర్చుంది. విప్పించి చూస్తే రెండు అరచేతులూ పండుమిరపకాయల్లా ఉన్నాయి. వేలి కొసలు పొక్కి చర్మం లేస్తోంది. నా నోరు లేచింది.

"వంట చేశారు కదండీ?"

"లేదండి. గ్లాసుడు నీళ్లు కూడా కాచుకోలేదండి."

"నేనే వండుతున్నానండి" అన్నారు బుజ్జిబాబు గారు. "చారు ఎన్ని రకాలుగా పాడవుద్దో ఈ నెల్లోనే తెలిసిందండి."

"పొయ్యి దగ్గరికెళ్లారా?"

"లేదండి."

"మరి నెలంతా ఏం చేశారు?"

"ఏమీ లేదండి. ఊరికే రేకులు తీసుకుంటన్నాను."

నిప్పు మీద కుండ పెట్టి, ఆ కుండ మీద చేతులాడిస్తూ, మందు ఎక్కిన మూడో రోజు నుంచీ రోజుకు మూడు వందల రేకులు తీసింది. అబద్ధం ఆడలేదు. వాళ్ల ఊళ్లో వంట చేసేది పొయ్యి. వసారాలో రేకుల కుండ ఉన్న చోటును ఎవరూ పొయ్యి అనరు, అది పని. ఇక వేడి సంగతి అడిగితే ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

"వేడి తగలనీయొద్దన్నారు కదండి. నాకు వేడి తగలదండి. తగిలితే తీసేద్దును కదా."

నలభై ఏళ్లలో ఆ వేలి కొసలు గట్టిపడి వేడి లోపలికి తెలియడం మానేసింది. తెలియకపోయినా కింద నాళాలు తెరుచుకోవడం మానవు కదా. నేను పావుగంట తిట్టాను. చిన్నపిల్లలకు చెప్పినా వింటారన్నాను, ప్రాణం మీద తీపి లేదా అన్నాను. ఆవిడ తలవంచుకుని వింది. తిట్టడం అయ్యాక ఫైలు తెరిస్తే "గృహిణి" అన్న నా దస్తూరీ నన్నే చూసింది. దాన్ని కొట్టేసి "పూతరేకులు తీస్తారు, నిప్పు దగ్గర పని" అని రాశాను. సారీ చెప్పడం నాకు చేతకాదు.

జానకిరామ్ గారు రెండు వారాలు మందు ఆపారు. తరువాత మోతాదు తగ్గించారు. కుండ ముట్టుకుంటే మందు పూర్తిగా ఆపేయాల్సి వస్తుందని, ఆపితే గడ్డ ఊరుకోదని స్పష్టంగా చెప్పారు. వీరవేణి "ఆయ్" అంది. ఈసారి మాట నిలబెట్టుకుంది.

వాళ్ల వసారాలో రెండు కుండలు ఉండేవట. ఒకటి ఆవిడది, రెండోది తోటికోడలు దుర్గాశ్రీది. ఇరవై ఏళ్లు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తీశారు. ఇప్పుడు ఆవిడ కుండ మీద గోనెపట్టా కప్పారు. మొదట్లో వీరవేణి గుమ్మంలో కూర్చుని దుర్గాశ్రీ తీసే రేకులు వింటూ ఉండేది. చూస్తూ కాదు, వింటూనే.

"రేకు కుండని వదిలేటప్పుడు చిన్న చప్పుడుంటదండి. ఉందంటే ఉంది, లేదంటే లేదు. అది వినపడ్డాక వేళ్లు కదపాలి. దుర్గ ఒక పిసరు ముందే లేపేత్తదండి. ఇరవై ఏళ్లుగా చెప్తన్నాను."

చెప్పీ చెప్పీ ఒకరోజు దుర్గాశ్రీ, "అక్కా, నువ్వు లోపలికెళ్లి పడుకో, నీకు దండం పెడతాను" అందట. అప్పటి నుంచి పెరటివైపు కూర్చుంటోంది. కొబ్బరాకు కాలే వాసన అక్కడికీ వస్తుందని చెప్పింది. ఆ వాసన వస్తే అన్నం సహించడం లేదంది.

"బెంగగా ఉందండి" అంది నాలుగోసారి వచ్చినప్పుడు.

"ఎవరి మీదండి?"

"ఎవరి మీదా కాదండి. కుండ మీద."

నేను నవ్వబోయి ఆగిపోయాను. మా గదిలో అందరికీ ఏదో ఒక బెంగ ఉంటుంది. పిల్లల పెళ్లి చూడాలని, కోసిన పంట ఇంటికి రావాలని, ఒక్కసారి కడుపునిండా పులస పులుసు తినాలని. అవి విన్నప్పుడు ఏమనాలో నాకు అలవాటే. కుండ మీద బెంగ పెట్టుకున్న మనిషిని చూడడం అదే మొదలు. ఆవిడకు రేకులు తినాలని లేదు. జీవితంలో తిన్నవి పదో పన్నెండో ఉంటాయట. అమ్మాలనీ లేదు. గుడ్డ లాగాలి, ఆ చప్పుడు వినాలి, వేళ్ల మధ్య ఏమీ లేనంత తేలిగ్గా రేకు పైకి రావాలి. అంతే.

ఆ రోజు సూదిమందు మత్తుకు కళ్లు మూతపడ్డాయి. ఎర్రమందు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. నేను పక్కనే నిలబడి గడియారం చూస్తున్నాను. నిద్రలో ఆవిడ కుడిచెయ్యి ఐసు ప్యాకును వదిలేసి దుప్పటి మీద ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా జరిగింది. ఒక్క క్షణం ఆగింది. తరువాత రెండు వేళ్లు దేని అంచునో పట్టి లేపి పక్కన పెట్టాయి. మళ్లీ జరిగింది, మళ్లీ లేపి పెట్టింది. ఐసు ప్యాకు తీసి ఆ చేతిలో మళ్లీ పెట్టడం నా డ్యూటీ. ఆరు రేకులు తీసేదాకా పెట్టలేకపోయాను.

స్కానింగులో గడ్డలు తగ్గినట్టు వచ్చింది. ఆరో విడత కూడా అయ్యింది. మందు ఇంకా కొనసాగిద్దామని జానకిరామ్ గారు అన్నప్పుడు వీరవేణి ఒక నెల సెలవు అడిగింది. సెలవు అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. తిరపతి వెళ్లాలంటారు, మనవడి అన్నప్రాసనంటారు.

"ఏం పనుందండి?" అన్నారు ఆయన.

"రేకులు తీసుకుంటానండి."

ఆయన చాలాసేపు ఆవిడ చేతులు తిప్పి తిప్పి చూశారు. పాత చర్మం ఊడి కొత్తది వచ్చింది. సరే, ఈ నెల మందు వదిలేద్దామన్నారు. ఆరో విడత అయ్యాక నాలుగు వారాలు నిండితేనే కుండ ముట్టుకోవాలని చెప్పి పంపారు.

ఆ నాలుగు వారాలు నిండిన రోజు నాకు వీక్లీ ఆఫ్. పిలవకపోయినా బస్సెక్కాను. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కాలవగట్టు వెంట పోతుంటే, పేషెంట్ల ఇళ్లకు వెళ్లకూడదని నేనే కొత్త నర్సులకు చెప్పే మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా దిగలేదు.

నేను వెళ్లేసరికి గోనెపట్టా తీసేశారు. బుజ్జిబాబు గారు కుండకు నూనె రాసి రెండు రోజులుగా కాచి సిద్ధం చేశారట. దుర్గాశ్రీ కొబ్బరాకు మంట పెట్టింది. వీరవేణి తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది. నన్ను చూసి, "రండి రూబీ సిస్టరు గారూ, మంచి టైముకొచ్చారు" అంది. ఆవిడ మొహం అంత వెలుగుతుండగా నేను ఎప్పుడూ చూడలేదు.

గుడ్డ ముంచి లాగింది. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. కుండ మీద తెల్లటి పొర కట్టింది. ఆవిడ తల కాస్త వంచి వింది. వేళ్లు అంచు మీద పెట్టింది.

పెట్టి వెనక్కు లాక్కుంది.

"కాలిందండి" అంది.

దుర్గాశ్రీ చేతిలో కొబ్బరాకు అలాగే ఉండిపోయింది. ఆ నోట ఆ మాట ఆ వసారాలో అంతవరకు ఎవరూ వినలేదు. మొదటి రేకు కుండకు అంటుకుని మాడిపోయింది. వీరవేణి దాన్ని గీకి, మళ్లీ గుడ్డ ముంచింది. రెండోదీ అంతే. మూడోసారి పళ్లు బిగించి అంచు పట్టుకుంది గానీ సగంలో చిరిగిపోయింది. నాలుగోదానికి కళ్లలో నీళ్లు వచ్చేశాయి. వేలి కొసలు పసిపిల్లల బుగ్గల్లా మెత్తగా, గులాబీరంగులో ఉన్నాయి. మందు జబ్బుగడ్డతో పాటు నలభై ఏళ్ల చేతులను కూడా తినేసింది. ఇచ్చినవి కొత్త చేతులు, పదమూడేళ్ల పిల్ల చేతులు.

"అక్కా, ముందు నీళ్లలో పెట్టు" అని దుర్గాశ్రీ చెంబు తెచ్చింది. వీరవేణి చేతులు చెంబులో పెట్టుకుని ఏడ్చింది. దాచుకోకుండా, పెద్దగా ఏడ్చింది. ఆపరేషనుకు ముందు ఏడవని మనిషి, పరదా ఇవతల ఏడవని మనిషి. తిట్టడానికి తప్ప పనికిరాని నోరు పెట్టుకుని, చెంబులో నీళ్లు రెండుసార్లు మార్చి తెచ్చాను.

కాసేపటికి ముక్కు చీది, "ఈ తోలు ఎన్నాళ్లకి గట్టిపడుద్దండి?" అని అడిగింది.

"మీకు మొదట్లో ఎన్నాళ్లు పట్టిందండి?"

"మా పిన్ని దగ్గర నేర్చుకున్నానండి. ఒకటే ఏడుపు. పొద్దుటేల కూర్చోబెడితే ఇలాగే వేళ్లు నీళ్లలో పెట్టుకుని ఏడ్చేదాన్ని. పదహారో ఏట అనుకుంటానండి, ఒకరోజు చూసుకుంటే వేడి తెలీడం మానేసింది. మూడేళ్లు పట్టిందండి."

మూడేళ్లు అనగానే బుజ్జిబాబు గారు లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. దుర్గాశ్రీ మంటలోంచి కొబ్బరాకులు ఒక్కొక్కటే బయటకు లాగేసింది. ఏడాదిన్నరలో ఆరు నెలలు అప్పటికే అయిపోయాయి.

సెలవు ఇంకా ఇరవై రోజులుండగానే సోమవారం పొద్దున్న వీరవేణి వార్డుకు వచ్చింది. వేళ్లకు రెండు చోట్ల బొబ్బలు. జానకిరామ్ గారు రౌండ్లలో ఉంటే వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఒక సంగతి అడగడానికొచ్చానండి. మందు ఎక్కించుకుంటానే రేకులు తీయొచ్చాండి?"

ఆయన నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

"మందు ఎక్కాక రెండు వారాల పైన ఒంట్లో తిరుగుతుందండి" అన్నారు ఆయన ఆలోచిస్తూ. "ఇరవై ఎనిమిది రోజుల్లో చివరి తొమ్మిది, పది రోజులు, అదీ రోజుకి కాసేపు. ఏమాత్రం ఎర్రబడినా ఆపేయాలి. అంతకు మించి ఒప్పుకోను."

"నెలకి పది రోజులండి" అంది. వేలి కణుపుల మీద బొటనవేలు నడిపిస్తూ లెక్క కట్టింది. బొబ్బల దగ్గర దాటేసి లెక్కపెట్టింది. "అంటే మూడో వంతండి. రోజూ తీత్తే చేతులకి మూడేళ్లు పట్టిందండి. పది రోజులే అయితే తొమ్మిదేళ్లవుద్దండి."

జానకిరామ్ గారు కళ్లజోడు తీసి నా బల్ల మీద పెట్టారు.

"తొమ్మిదేళ్లు కావాలండి" అంది వీరవేణి.

"వీరవేణి గారూ, మీ జబ్బు ఎలాంటిదంటే..."

"తెలుసండి. తెలిసే అడుగుతన్నాను."

ఆయన కలం మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు. "మందు ఈ వారమే మళ్లీ మొదలుపెడదాం" అని ఫైల్లో రాసి, పక్క మంచం దగ్గరకు వెళ్లిపోయారు. కళ్లజోడు మాత్రం నా బల్ల మీద మరిచిపోయారు.

వీరవేణి నా దగ్గరకు వచ్చి, ఆ పది రోజులు ఎప్పుడెప్పుడు పడతాయో గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టమంది. ఎర్ర పెన్నుతో పెట్టాను. పై నెల కూడా పెట్టమంది, పెట్టాను. అలా ఒక్కో నెలా తిప్పుతూ డిసెంబరు ఆఖరు దాకా వచ్చాం. కాగితాలు అయిపోయాయి.

"పై సంవత్సరం క్యాలెండరు ఇంకా రాలేదండి" అన్నాను.

"వచ్చాకే పెడుదురుగానిలెండి" అంది.